అల విరగని చోటే అసలు గుంట

ఎండలు ముదరగానే కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఈ ఏడాది అది నాకు మూడు వైపుల నుంచి వచ్చింది. ఆంధ్ర తీరంలో బీచ్‌లన్నీ ఒకటే కాబట్టి దగ్గరున్నదానికి వెళ్లమనీ, అలలు విరగని ప్రశాంతమైన చోట దిగితే ప్రమాదం లేదనీ, బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు ఉన్న బీచ్‌లో ఎక్కడ దిగినా భయం అక్కర్లేదనీ, నది సముద్రంలో కలిసే చోట నీరు తక్కువ కనుక పిల్లలకు అనువనీ, సూర్యుడు సముద్రంలో మునిగే వేళ స్నానానికి మంచిదనీ అందులో ఉంది.

చివరి మాట ఒక్కటి చాలు, ఇది రాసినవారు మన తీరం చూడలేదని చెప్పడానికి. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు అందులోంచి లేస్తాడు గాని అందులో మునగడు. గోవా కోసం రాసినదానికి ఎవరో ఊరి పేరు మార్చి పంపారని నా అనుమానం. మనవైపు సాయంత్రం సూర్యుడు వీపు వెనుక దిగిపోతాడు, నీళ్లు త్వరగా నల్లబడతాయి, లోపలికి వెళ్లిన తల ఒడ్డున ఉన్నవారికి కనిపించదు. వేసవిలో ఇక్కడ స్నానానికి తగిన వేళ ఉదయమే, అదీ ఇసుక కాళ్లు కాల్చక ముందే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది రెండో సలహా. కొన్నేళ్ల క్రితం సూర్యలంకలో, రెండు పక్కలా తెల్లటి నురగతో అలలు విరుగుతుండగా నడుమ పది పదిహేను అడుగుల మేర నీరు నునుపుగా, కాస్త ముదురు రంగులో ఉన్న చోటు చూసి, పిల్లలను అక్కడ దించుదామనుకున్నాను. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఏమీ వాదించకుండా, తాగేసిన కొబ్బరిబొండం ఒకటి తీసి ఆ నునుపు నీటిలోకి విసిరాడు. అది ఒడ్డుకు రాలేదు. ఊగుతూ, తిన్నగా, మనిషి నడిచేంత వేగంతో లోపలికి పోయింది. “అల విరగట్లేదంటే అడుగున గుంట ఉందని బాబూ,” అన్నాడాయన.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. ఒడ్డుకు కొంత దూరంలో నీటి అడుగున ఇసుక మేట ఉంటే అలలు దానిమీద విరిగి నీటిని ఒడ్డువైపు నెడతాయి. అలా పేరుకున్న నీరు మేట తెగిన చోట ఇరుకు కాలువలా మారి సముద్రంలోకి తిరిగి పోతుంది. ఆ కాలువలో లోతు ఎక్కువ గనుక అక్కడ అల విరగదు, చూసేవారికి ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈ ప్రవాహం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్ల దాకా అందుకుంటుంది. ఆ వేగానికి ఎదురీది నెగ్గడం ఎంతటి ఈతగాడికీ సాధ్యం కాదు. చిక్కుకున్నవారు ఒడ్డువైపు కొట్టుకోకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ప్రవాహం దాటాలి. ఈత రానివారు తేలుతూ చెయ్యెత్తి పిలవాలి. పైగా ఈ గుంటలు ఒకే చోట ఉండవు. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో రేగిన తుఫాను అలలు, ఇక్కడ ఆకు కదలని రోజున కూడా వచ్చి తీరాన్ని తాకవచ్చు. ఆ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది. బయలుదేరే ముందు దాని సూచన చూడడానికి రెండు నిమిషాలు పట్టదు.

ఇక బీచ్‌లన్నీ ఒకటేనన్న మాట. మచిలీపట్నం దగ్గరి మంగినపూడిలో నేల నల్లమట్టి, లోతు నెమ్మదిగా పెరుగుతుంది. మా అమ్మ అక్కడ మోకాలి లోతులో నిలబడి చాలాసేపు హాయిగా గడిపింది. కాకపోతే నీరు బురదగా ఉంటుంది, కాలి వేళ్ల మధ్య మట్టి ఇంటిదాకా వస్తుంది. నీలి నీళ్ల ఫొటోలు కావలసినవారు నిరాశపడతారు. విశాఖ రామకృష్ణా బీచ్ ఇందుకు పూర్తిగా భిన్నం: రాళ్లున్నాయి, ఒడ్డు ఏటవాలు. 1970లలో ఔటర్ హార్బర్ కట్టాక దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుక నడకకు అడ్డు పడింది. ఓడరేవులో తవ్విన ఇసుకను తెచ్చి పోస్తున్నా ఒడ్డు రూపం మారుతూనే ఉంటుంది. అందుకే “పోయినేడాది ఇక్కడే ఆడుకున్నాం” అన్నది అక్కడ సాక్ష్యంగా చెల్లదు. ఆ బీచ్ నడవడానికి, జలాంతర్గామి మ్యూజియం చూపించడానికి, వేడి మొక్కజొన్న పొత్తు తినడానికి బాగుంటుంది. స్నానానికి కాదు.

రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చిన మాట నిజమే. అయితే ఆ గుర్తింపు నీటి నాణ్యత, శుభ్రత, వసతులు, రక్షణ ఏర్పాట్లు వంటి 33 ప్రమాణాలను చూసి, ఏటా పునరుద్ధరించే షరతుతో ఇచ్చేది. 2025 మొదట్లో అది తాత్కాలికంగా పోయి, లోపాలు సరిదిద్దాకే తిరిగి వచ్చింది. దాని భరోసా గుర్తించిన హద్దుల వరకే. జెండాలు దాటి వంద అడుగులు నడిచినవారికి అది వర్తించదు.

నది మొగ దగ్గర నీరు తక్కువన్నది సగం నిజం కావడం వల్లే మోసగిస్తుంది. అంతర్వేదిలోనైనా హంసలదీవిలోనైనా ఇసుక తిన్నెల మీద నీరు చీలమండ దాటదు, కాని తిన్నె అంచు దాటిన మరుసటి అడుగులో నేల అందకపోవచ్చు. సముద్రం పాటు తీసే వేళ నది నీరు కూడా తోడై ఒకేసారి బయటకు లాగుతుంది. సందేశం చివర “పదిమందికి పంపండి” అని ఉంది. పంపదలచినవారు కనీసం ఈ నది వాక్యాన్ని తీసేసి పంపాలని కోరుతున్నాను.