సైనికుడు లేని చెదపురుగుకు సిరోంచ నుంచి ఒక ఉత్తరం

చెదమ్మా,

ఉభయకుశలోపరి. నిన్ను సీసాలో ఆల్కహాలు పోసి ముంచారని విన్నాను కాబట్టి, కుశలం మాట మర్యాద కోసం రాశాననుకో.

నీ సంగతి మా మేనకోడలు చెప్పింది. నాగపూర్‌లో జువాలజీ చదువుతోంది. సెలవులకు వచ్చి, "మామా, దక్షిణ అమెరికాలో సైనికులే, అంటే పుట్టకు కాపలా కాసే చెదలే, లేని జాతులున్నాయి, ఎండు అడవుల్లో ఇప్పటికీ కొత్త జాతులు దొరుకుతున్నాయి, కానీ వాటికి పేరు పెట్టడం మహా కష్టం" అంది. ఎందుకు కష్టమని అడిగాను. ఆమె చెప్పింది విన్నాక నీకు ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

మనిద్దరికీ కొంచెం పోలిక ఉంది. మాది మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దు. మా ప్రాణహిత ఒడ్డు టేకు అడవి కూడా ఎండు అడవే. వేసవికి ఆకంతా రాలి, ఇప్పపూలు ఏరుకునేవాళ్లకు దూరం నుంచే మనుషులు కనబడతారు. బ్రెజిల్‌లో అలాంటి అడవిని కాటింగా అంటారట. అక్కడి పాత జనం భాషలో తెల్ల అడవి అని అర్థం. ఆకులు పోయాక మానులు తెల్లగా మిగులుతాయి కాబట్టి.

ఇక నీ కష్టం. లోకంలో దాదాపు మూడు వేల చెద జాతులుంటే, ఏది ఏదో తేల్చడానికి పండితులు ముందు చూసేది సైనికుడి తల. దవడలు కత్తెరలా ఉన్నాయా, పళ్లెన్ని, ముక్కు గొట్టంలా పొడుచుకొచ్చిందా అని. పుట్ట కట్టేది, మేత తెచ్చేది, పిల్లల్ని సాకేది అంతా కూలీలే. ఆ సైనికుడికి దవడలు ఎంత పెద్దవంటే తన తిండి తాను తినలేడు, కూలీ చెద నోట్లో పెట్టాలి. అయినా ఊరి మొత్తానికి గుర్తింపు కార్డు ఆయన మొహమే.

ఇది చెబితే మా వైపు ఎవరూ ఆశ్చర్యపోలేదు. జీపులోంచి పెద్దమనిషి దిగకముందు ఎంతమంది దిగారో చూసే కదా మేమూ ఆయన స్థాయి లెక్కగట్టేది.

మరి నీకు సైనికుడే లేడు. 1873లో బ్రెజిల్‌లో ఉంటున్న ఫ్రిట్జ్ ముల్లర్ అనే జర్మన్ ఆయన మీ వాళ్లకు అనోప్లోటెర్మిస్ అని పేరు పెట్టాడు. ఆయుధం లేని చెద అని అర్థం. అంటే నీకేముందో కాదు, ఏం లేదో రాసుకున్నాడు. పెళ్లిచూపుల్లో "అమ్మాయికి ఉద్యోగం లేదు" అని పరిచయం చేసినట్టు. ఆ తర్వాత సైనికుడు కనబడని చెదల్ని చాలావాటిని అదే సంచిలో వేస్తూ పోయారు. ఆ సంచిని ఇప్పుడు విప్పి, ఒక్కొక్కదాన్ని వేరు చేసి, కొత్త ప్రజాతులు, అంటే దగ్గరి జాతుల గుంపులు, కడుతున్నారు.

తలలో తేడా తెలియకపోతే ఎలా వేరు చేస్తారు? కడుపు కోస్తారు. కూలీ చెద పేగు బయటికి తీసి, అందులో ఒక చిన్న కవాటం ఉంటుందట, ఎంటెరిక్ వాల్వ్, దాన్ని స్లైడు మీద పరిచి, లోపలి గట్లు ఎలా ఉన్నాయి, ముళ్లెలా అమరాయని మైక్రోస్కోపులో చూస్తారు. డీఎన్ఏ కూడా చూస్తారు. ఆ పైన మీలో ఒకదాన్ని మూల నమూనాగా ఎంచి, ఏ మ్యూజియంలో పెట్టారో రాయాలి. ఇక్కడ నాకు నవ్వొచ్చింది. "ఒరిజినల్ తెచ్చావా?" అని నిన్నూ అడుగుతున్నారన్నమాట.

నన్ను ఆరు నెలలుగా అడుగుతున్నారు. ఒక ఆఫీసు, పేరెందుకులే. మా తాత పొలం సాత్‌బారాలో, అంటే మహారాష్ట్ర భూమి రికార్డులో, ఇంటిపేరు ఒక రకంగా, నా ఆధార్‌లో ఇంకో రకంగా పడింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కార్డు మీద ఇంగ్లీషు. ఒక్క ఇంటిపేరు మూడు లిపులు దాటేసరికి ముగ్గురు మనుషులయ్యాను. పాత రిజిస్టరు చూడండి సార్ అన్నాను. క్లర్కు లోపలికెళ్లి, టీ తాగొచ్చి, "చెదలు తిన్నాయి" అన్నాడు.

కంగారుపడకు. అది మీ పని కాదని నాకు తెలుసు. కట్టెలూ కాగితాలూ తినేది ఓడొంటోటెర్మిస్ లాంటి వాళ్లు. వాళ్లకు పళ్లున్న సైనికులు నిక్షేపంలా ఉన్నారు, పేరుకూ లోటు లేదు. నువ్వు మట్టి తింటావు. నీ మీద కేసు నిలవదు. కానీ చూశావా, రికార్డు తిన్నవాళ్లకు రికార్డుంది, మట్టి తిన్నదానికి కడుపుకోత.

మా తాత పుట్టినప్పుడు మాది సెంట్రల్ ప్రావిన్సెస్. 1950లో మధ్యప్రదేశ్. 1956లో బొంబాయి రాష్ట్రం. 1960లో మహారాష్ట్ర. జిల్లా చాందా, అదే చంద్రాపూర్, 1982 నుంచి గడ్చిరోలి. ఇన్ని మారినా ఆయన మంచం వేపచెట్టు కిందినుంచి కదల్లేదు. వంతెన దాటి కాళేశ్వరం వెళితే నన్ను మహారాష్ట్రోడంటారు. ఇటొస్తే తెలుగోడంటారు. రెండూ నిజమే గానీ, రెండుచోట్లా ఆ మాట తర్వాత "కూర్చో" అనరు.

నీకూ అంతే. మొన్నమొన్నటిదాకా చెదలకు కీటకాల వర్గీకరణలో ఐసాప్టెరా అని సొంత క్రమం (ఆర్డర్) ఉండేది. 2007లో లండన్ శాస్త్రవేత్తలు జన్యువులు చూసి, చెదలంటే బొద్దింకలేనని తేల్చారు. నువ్వు మట్టిలోంచి కదల్లేదు, ఇల్లు మాత్రం బొద్దింకల వీధిలోకి మారింది.

ఒక్క విషయంలో మాత్రం నీకు దండం పెడతాను. సైనికుడు లేకపోతే చీమలు మీద పడ్డప్పుడు ఏం చేస్తారని అడిగాను. మీలో కొన్ని జాతుల కూలీలు ఒళ్లు పగలగొట్టుకుని, లోపలున్న జిగురు శత్రువు మీద చిమ్ముతారట. చిమ్మినవాడు అక్కడే పోతాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా సామెత. మీకేమో చీమ కాళ్ల మీద పడుతుంది. ఈ కిటుకు ఆఫీసులో పనికొస్తుందేమోనని ఒక నిమిషం ఆలోచించాను. తర్వాత మళ్లీ వరుసలో నిలబడేది ఎవరని మానుకున్నాను.

మీలో చాలామంది సొంత పుట్ట కూడా కట్టరట కదా, వేరే చెదల పుట్టల్లో ఒక మూల సర్దుకుంటారట. ఇక్కడ పుట్టలు కట్టేవాళ్ల గతి చెబుతాను విను. కట్టేది చెదలు, "చీమలు పెట్టిన పుట్ట" అని పేరు చీమలకు, నాగపంచమికి పాలు పాముకు. కట్టకపోవడమే మేలు.

మేనకోడలు సెలవులైపోయి వెళ్లిపోయింది. నేను రేపు మళ్లీ వెళ్లాలి, ఈసారి అఫిడవిట్ తెమ్మన్నారు. ఇంకో నాలుగు రోజుల్లో వానలు మొదలవుతాయి. మొదటి జల్లుకు మా వీధి దీపం చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి. కింద నీళ్ల బేసిను పెడతాం. ఏ పుట్టవో, ఏ జాతివో, సైనికులున్నవో లేనివో ఎవరూ అడగరు. రెక్కలు రాల్చి, ఉప్పేసి, మా అమ్మ అన్నిటినీ ఒకే పెనం మీద వేయిస్తుంది.

ఇట్లు,
మూడు స్పెల్లింగుల మనిషి