కొండ పాదం తవ్వి గోడ కడతారట

శృంగవరపుకోటలో మా స్నేహితుల గ్రూపులో ఈ వారం ఒకే సందేశం నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్లంతా చదువుకున్నవాళ్లే. కొండల మీది పాత రిసార్టులను కూల్చి కొత్త హరిత భవనాలు కడితేనే పర్యావరణానికి మేలని దాని సారాంశం. ఐదు కారణాలు చెప్పారు.

సోలార్ పలకలట. అవి పాత కప్పు మీదా పెట్టుకోవచ్చు. నరికిన ఒక్కో చెట్టుకు పది మొక్కలట. ముదురు పనస వేళ్లు పట్టి ఉంచే మట్టిని ఆ పది మొక్కలు ఎన్నేళ్లకు పట్టుకోవాలి?

కొత్త గదులకు కరెంటు తక్కువ చాలునట. చాలవచ్చు. కానీ సిమెంటుకు మూలసరుకు క్లింకర్. సున్నపురాయిని కాల్చి దాన్ని టన్ను తయారుచేస్తే, ఆ రాయి నుంచే సుమారు అర టన్ను బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. బట్టీలో మండే బొగ్గు లెక్క వేరు. ఇప్పటికే నిలబడి ఉన్న గోడకు ఆ ఖర్చు మళ్లీ పెట్టనక్కరలేదు.

నాలుగోది చదివాక నాకు ఒళ్లు మండింది. వాలును చదును చేసి కాంక్రీటు గోడ కడితే కొండ భద్రమట! ఇన్ని యుగాలుగా ఆ కొండను ఏ గోడ నిలబెట్టింది? ఇది రాసినవారు వానాకాలంలో అనంతగిరి ఘాట్ ఎప్పుడైనా ఎక్కారా? అక్కడ ఎక్కువగా ఉన్నది ఖొండలైటు రాయి. ఎండకు ఎండి, వానకు నాని, చివరికి ఎర్రమట్టి అయిపోతుంది. వాలు పాదం తవ్వితే పైమట్టికి ఆసరా పోతుంది. గోడ వెనక చేరిన నీరు దాన్ని ముందుకు తోస్తుంది. అందుకే గోడకు కన్నాలు వదిలి, వెనక కంకర నింపాలి. కిందటి వానల్లో ఒక గోడ దగ్గర బండి ఆపి చూశాను. కన్నాలు వరుసగానే ఉన్నాయి. సగానికి పైగా మట్టితో పూడిపోయాయి. నీరు పగుళ్లలోంచి ఎర్రగా కారుతోంది.

ఆ ఎర్రనీరు అక్కడే ఆగదు. గెడ్డల్లో పడి, గోస్తనిలో కలిసి, మన తాటిపూడి జలాశయానికి చేరుతుంది. విశాఖ తాగే నీటిలో కొంత అక్కడిదే. కొండ మీద తవ్విన మట్టికి జలాశయం అడుగున చోటు ఇవ్వాల్సింది మనమా?

ఐదోదాన్ని ఒప్పుకుంటున్నాను. పాత కాటేజీల సిమెంటు రేకులు పోవాల్సిందే. వాటిలోని ఆస్బెస్టాస్ పీచు ఊపిరితిత్తులకు ప్రమాదం. పాతవాటిలో దేన్నీ ముట్టుకోవద్దని ఇన్నాళ్లూ వాదించాను, అది నా పొరపాటు. అయితే వాటిని సుత్తితో పగలగొట్టకూడదు. తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా దించాలి. ఆ చోట పెంకు వేయండి, గోడలకు సున్నం పూయించండి. వాలు జోలికి మాత్రం వెళ్లకండి.