పూడిక తీసే ముందు ఒక పైపు మట్టి దాచిపెట్టండి

ఎండాకాలం రాంగనే మన దిక్కు చెరువుల్లోకి జేసీబీలు దిగుతయ్, ట్రాక్టర్లు లైన్ కడతయ్, ఒండ్రు మట్టి చెలకల్లోకి పోతది. పోవాలె కూడా. పూడిక తీస్తేనే చెరువు నిలుస్తది, ఆ మట్టి పడ్డ చెలక బాగుపడతది, దీన్ని మేం ఎప్పుడూ సపోర్ట్ చేసినం. కానీ మొత్తం తవ్వి తీసుకపోయే ముందు ఒక చిన్న పని చెయ్యమని అడుగుతున్నం, అదెందుకో చెప్పాలంటే ఆస్ట్రేలియా సముద్రం దాకా పోయి రావాలె.

అక్కడ క్వీన్స్‌లాండ్ తీరం పొడుగునా 2,300 కిలోమీటర్ల గ్రేట్ బారియర్ రీఫ్ ఉంది. బర్డెకిన్ నదికి వరదొస్తే బురద నీళ్లు ఆ పగడపు దిబ్బల దాకా పోతయ్. నది అన్నంక మట్టి రాదా అని కొందరు, పశువులను మేపి నేలను బోడి చేసినంకనే పెరిగింది అని కొందరు. తేల్చేదెట్ల? రెండు వందల ఏళ్ల కింద నదిల మట్టిని కొలిచి రాసిపెట్టినోళ్లు ఎవరూ లేరు. ఆ లెక్క చివరికి పగడంలోనే దొరికింది.

పొరైటిస్ అనే జాతి పగడం ఏడాదికి ఒకటి, రెండు సెంటీమీటర్లు పెరుగుతది, ఎక్స్‌రే తీస్తే ఏ ఏడాది పొర ఆ ఏడాదికి విడిగా కనిపిస్తది. ఇగ నదిలో కొట్టుకొచ్చే సన్నటి బంకమట్టికి బేరియం అనే లోహం అంటుకుని ఉంటది, ఉప్పునీళ్లు తగలంగనే అది మట్టిని ఇడిచిపెట్టి నీళ్లలో కలుస్తది, వరదతోనే దిబ్బ దాకా పోతది, పగడం కాల్షియంతో తన ఎముక కట్టుకుంటది కదా, ఆ కాల్షియం జాగలో అక్కడక్కడ ఈ బేరియం పోయి కూసుంటది. మట్టి ఎక్కువొచ్చిన ఏడు బేరియం ఎక్కువ. పగడంలకెల్లి నిలువు ముక్క తీసి లేజర్‌తో చూసుకుంట పోతే దాదాపు వారం వారం లెక్క తెలుస్తది.

ఆస్ట్రేలియా సైంటిస్టు మాల్కం మెక్‌కల్లక్ బృందం 2003లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వేసింది ఇదే. 1750 ప్రాంతం నుంచి లెక్క దొరికింది. 1870 దాకా వరదలొచ్చినా బేరియం పెద్దగా ఎగరలేదు. 1860లలో యూరప్ వాళ్లు గొర్లు, పశువుల మందలతో దిగిన్రు, 1870 తర్వాత వరదల్లో వచ్చే మట్టి ఐదు నుంచి పది రెట్లయింది. కరువు తర్వాత వచ్చే పెద్ద వరదలో మరీ ఎక్కువ, గడ్డి పోయిన నేలకు పట్టు ఉండదు కదా. బేరియం ఒక్కదాన్నే నమ్మితే మోసపోతం, ఒక్కోసారి వరద లేకున్నా అది ఎగురుతది, అందుకే ఇట్రియం అనే ఇంకో లోహాన్ని, యూవీ లైటు కింద మెరిసే పొరలను కూడా పక్కన పెట్టి చూస్తరు. కెన్యాలో సబాకి నది ఎదురుగ ఉన్న పగడం కూడా ఇదే తీరు చెప్పింది, అక్కడ మార్పు 1900ల మొదట్ల వచ్చింది.

మన గోదావరి సముద్రంల కలిసేకాడ అసొంటి దిబ్బలు లేవు. మనకు చెరువులున్నయ్. రామప్ప, పాఖాల కాకతీయుల నాటివి, దాదాపు 800 ఏళ్ల సంది గుట్టల మీది మట్టిని పట్టుకుంటున్నయ్. చెరువు అడుగు పొరలకు కూడా వయసు కట్టొచ్చు. అణు పరీక్షలప్పుడు గాలిలో కలిసిన రేడియోధార్మిక సీజియం 1963 ప్రాంతం పొరలో గట్టిగ కనిపిస్తది, కాలం గడిచిన కొద్దీ తరిగిపోయే రేడియోధార్మిక సీసం (సీసం-210) లెక్కతో నూరేళ్ల పైన ఎనకకు పోవచ్చు.

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, భూపాలపల్లి దిక్కు మోరంచపల్లి మునిగింది. ఆ వరద ఏ చెరువుల ఎంత మట్టి పోసింది? అదంతా వాన పాపమేనా, లేకపోతే పైన గుట్టలు తవ్విన్రు, అడవి కొట్టిన్రు, పత్తి చేన్లకు గట్లు లేవు, అందుకా? శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు, ఇప్పుడు 80 చుట్టుపక్కల అంటున్నరు. మిగిలిన జాగల మట్టి కూసుంది. ఆ మట్టి ఎవరి నేల, ఎప్పటి సంది ఎక్కువైంది అని అడిగితే మన దగ్గర జవాబు లేదు, ప్రతిసారి వాన మీద తోసేస్తున్నం, పైన తవ్వినోళ్లను ఎవరూ అడుగుతలేరు. మాకు కోపమొచ్చేది ఇక్కడనే.

నిజమే, చెరువు మట్టి పగడమంత శుభ్రంగ ఉండదు. కట్ట తెగితే, నీళ్లు ఎండితే, బర్లు దిగి తొక్కితే పొరలు కలిసిపోతయ్, పాత పూడికతీతలు కూడా ఉంటయ్. కానీ లోతట్టుల కదలని జాగలు కొన్ని దొరుకుతయ్, అసలు చూడకుండనే లేవంటే ఎట్ల?

మిషన్ కాకతీయలో 46 వేల పైచిలుకు చెరువులు లెక్కల పెట్టిన్రు, వరంగల్ నడుమ ఉన్న భద్రకాళి చెరువును 2024ల ఖాళీ చేసి తవ్వకం పెట్టిన్రు. ఒకసారి తవ్వి చెలకల చల్లినంక ఆ పొరలు మళ్లా రావు. అందుకే పూడికతీత ఎస్టిమేట్‌లనే ఒక లైన్ పెట్టాలె: జేసీబీ దిగకముందు రెండు మూడు చోట్ల ప్లాస్టిక్ పైపు నిలువుగ దించి, అందుల మట్టి కదలకుండ తీసి, రెండు దిక్కులా మూతేసి, ఊరు, తేదీ, జీపీఎస్ రాసి చల్లటి జాగల దాచాలె. రైతు ట్రాక్టర్ ఆగాల్సిన పని లేదు. ఎన్ఐటీ, కాకతీయ యూనివర్సిటీ పిల్లలు ఈ పని నేర్చుకుంటరు, రసాయన పరీక్షకు హైదరాబాద్‌ల ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది. ఇరిగేషన్ డిపార్ట్‌మెంట్ ముందుగాల పెద్ద చెరువులతోని షురూ చేసి, వచ్చే ఎండాకాలం టెండర్లలనే ఈ షరతు పెట్టాలె.