ముద్దాయి డ్రైవర్ ఒక్కడేనా?

డ్యూటీలో ఉన్న పోలీసు వాహనం ప్రాణాలు తీసిన ప్రతిసారీ అదే తంతు. పోయింది పోలీసు ప్రాణమైతే గౌరవ వందనం, ఎక్స్‌గ్రేషియా, సంతాప ప్రకటన. దారిన పోయే మనిషి ప్రాణమైతే డ్రైవర్‌పై కేసు, సస్పెన్షన్, శాఖాపరమైన విచారణ. రెండు సందర్భాల్లోనూ ఒక్క కాగితం మాత్రం బయటికి రాదు: ఆ డ్రైవర్ ఎన్ని గంటలుగా డ్యూటీలో ఉన్నాడో చెప్పే డ్యూటీ చార్ట్.

అతివేగం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం గురించి అందరూ మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. కానీ నిద్ర చాలని మనిషి చేతికి తాళాలిచ్చి పంపిన చోట, మొదట జవాబు చెప్పాల్సింది పంపినవారే.

వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి దిగజారుతుందని 1997లోనే ప్రయోగాల్లో తేలింది. చాలా దేశాల్లో తాగి నడిపినందుకు కేసు పెట్టే హద్దు అదే. రాత్రంతా బందోబస్తు చేసి, తెల్లవారుజామున జీపెక్కిన కానిస్టేబుల్‌కి బ్రీత్ ఎనలైజర్ పెడితే సున్నా చూపిస్తుంది. రెప్పలు మాత్రం వాలిపోతుంటాయి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి 80 మీటర్లకు పైగా నడిపేవాడు లేకుండానే పోతుంది.

2020 ఏప్రిల్ 22న మెల్‌బోర్న్‌లోని ఈస్టర్న్ ఫ్రీవేపై ఇద్దరు పోలీసులు వేగంగా వెళ్తున్న ఒక కారును ఆపారు. దాన్ని స్వాధీనం చేసుకునేందుకు సాయంగా మరో ఇద్దరు వచ్చారు. ఎమర్జెన్సీ లేన్‌లో నిలబడి ఉన్న ఆ నలుగురినీ ఒక లారీ పొట్టనబెట్టుకుంది. లారీ డ్రైవర్‌కు సరైన నిద్ర లేదు, పైగా డ్రగ్స్ మత్తు. అతను జైలుకెళ్లాడు. విషయం అక్కడితో ఆగలేదు. అతన్ని పనికి పంపిన సంస్థ, సూపర్‌వైజర్ కూడా కోర్టు మెట్లెక్కారు. అలసిన డ్రైవర్‌ను రోడ్డు మీదికి తోలినవారిది కూడా నేరమేనని ఆస్ట్రేలియాలో భారీ వాహనాల చట్టం చెబుతుంది.

లారీ యజమానికి వర్తించే ఈ న్యాయం పోలీసు ఉన్నతాధికారికి వర్తించొద్దా? యూరప్‌లో లారీ డ్రైవర్ నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం తప్పనిసరి. ఎంత నడిపాడో బండిలో బిగించిన టాకోగ్రాఫ్ అనే పరికరం లెక్క కడుతుంది. అదే నిబంధనలో మినహాయింపుల జాబితా తిరగేస్తే సైన్యం, అగ్నిమాపక దళాల పక్కనే పోలీసు వాహనాలూ కనిపిస్తాయి.

నేరం గడియారం చూసుకుని జరగదు కదా అంటారు. నిజమే, దొంగ వెంట పడ్డవాణ్ని మధ్యలో ఆపి విశ్రాంతి తీసుకోమనలేం. కానీ బహిరంగ సభ తేదీ, ఊరేగింపు దారి, ప్రముఖుల పర్యటన ముందే తెలిసినవి. వాటికి రెండు షిఫ్టుల మనుషుల్ని పెట్టకుండా ఒకే మనిషిని ఇరవై గంటలు నిలబెడితే అది అత్యవసరం కాదు, పొదుపు. ఆ పొదుపుకి మూల్యం చెల్లించేది మాత్రం ఆ కానిస్టేబుల్, ఎదురుగా వస్తున్న బైకు మీది మనిషి.

అసలు జబ్బు పోలీసు శాఖతో ఆగదు. ప్రైవేటు యజమానికి పని గంటలు నేర్పే ప్రభుత్వం, తానే యజమాని అయినప్పుడు ఆ పాఠం మరిచిపోతుంది. 36 గంటలు వార్డులో నిలబడే జూనియర్ డాక్టర్‌దీ, వెంటవెంటనే కాల్స్‌కి పరిగెత్తే అంబులెన్స్ డ్రైవర్‌దీ అదే కథ. వాళ్ల ఓపికకు త్యాగం అని పేరు పెట్టి, ఖాళీ పోస్టులు భర్తీ చేయకుండా ఏళ్లు గడిపేస్తారు.

అమెరికాలో రవాణా ప్రమాదాలపై విచారణ జరిపే జాతీయ సంస్థ ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తుల్లో, వాహనం నడిపిన మనిషి అంతకు ముందు 72 గంటలు ఎలా గడిపాడో, ఎప్పుడు నిద్రపోయాడో ఆరా తీస్తారు. పోలీసు వాహనం ప్రమాదానికి గురైన ప్రతి కేసులోనూ ఇదే జరగాలి. అదీ సొంత శాఖతో కాదు, బయటి సంస్థతో. మొదటి రోజే డ్యూటీ రిజిస్టర్ స్వాధీనం చేసుకోవాలి. ఆ మూడు రోజుల పేజీల కింద ఎవరి సంతకం ఉందో వారిని కూడా విచారణకు పిలవాలి.