అన్న మాటేమిటో రాయని పరువునష్టం దావా

“దావా ఎలా రాసినా ఫరవాలేదు, సంగతులన్నీ సాక్ష్యంలో తేలుతాయి” అంటూ పరువునష్టం దావాల మీద ఒక సందేశం కొన్ని వారాలుగా నాకు వస్తూనే ఉంది. పంపినవారిలో నిజంగానే నిందపడి న్యాయం కోసం చూస్తున్నవారు కూడా ఉన్నారు కనుక, మౌనంగా ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

పరిహారం ఎంత ఎక్కువ అడిగితే దావాకు అంత బలమని మొదటి మాట. దానివల్ల పెరిగేది కోర్టు ఫీజు మాత్రమే. నోటీసులో ఘాటైన పదాలు పడాలన్నది రెండవది. దానికి జవాబు కూడా అనవసరం.

మూడవది చదివాక నా ఓపిక నశించింది: “అన్న మాటలు యథాతథంగా రాయనక్కరలేదు, ప్రతివాది వాదిని కించపరిచాడని రాస్తే చాలు.” అప్పు దావాకు ప్రోనోటు ఎలాంటిదో పరువునష్టం దావాకు ప్రతివాది అన్న మాట అలాంటిది. ఏ మాట, ఎవరు, ఎప్పుడు, ఎవరెదుట అన్నారో చెప్పకపోతే ప్రతివాది దేనికి జవాబివ్వాలి, న్యాయమూర్తి దేని అర్థాన్ని తూచాలి? కీలకమైన వాస్తవాలు ప్లెయింటులోనే, అంటే వాది కోర్టుకిచ్చే దావాపత్రంలోనే, ఉండాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 6వ ఆర్డరు 2వ రూలు చెబుతున్నది ఇందుకే. “ఆయన చేతివాటం ఆఫీసులో అందరికీ తెలిసిందే” అని ఒకరు రాశారనుకుందాం. తెలుగువాడికి అది దొంగతనం ఆరోపణ. ప్లెయింటును ఇంగ్లీషులో రాసే వకీలు దాన్ని చేతి నైపుణ్యమని అనువదిస్తే నింద కాస్తా ప్రశంస అవుతుంది. “నిజాయితీని శంకించాడు” అని సారాంశం రాస్తే అసలు ఆరోపణే మాయమవుతుంది. తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి, పక్కన అనువాదమిచ్చి, చదివినవారికి అది ఏ అర్థంలో తగిలిందో చెప్పాలి. పైకి మామూలుగా కనిపించే మాటకు కొందరికే తెలిసిన గూఢార్థం ఉంటే, ఆ అర్థాన్నిచ్చే సంగతులను, అవి తెలిసి చదివినవారెవరన్నదాన్ని విడిగా రాయాలి. ఇదంతా అనవసరమని చెప్పే ధైర్యం ఆ సందేశం రాసినవారికి ఎక్కడి నుంచి వచ్చింది?

“మరచిపోయినవి సాక్ష్యంలో చెప్పుకోవచ్చు” అన్నది నాలుగవది. ప్లీడింగులో, అంటే వాది ప్రతివాదులు తమ వాదనగా కోర్టుకు రాసిచ్చినదానిలో, లేని విషయం మీద తీర్పు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 1953లోనే చెప్పింది. ప్లెయింటు సవరణకు అదే 6వ ఆర్డరులో 17వ రూలు ఉన్నది నిజమే. కానీ 2002 సవరణ చట్టం తరువాత, విచారణ మొదలయ్యాక సవరణ కోరేవారు తగిన శ్రద్ధ వహించినా అంతకు ముందు ఆ విషయం లేవనెత్తలేకపోయామని కోర్టును ఒప్పించాలి. తన గురించి ఏమన్నారో తనకే తెలియలేదని వాది ఎలా ఒప్పిస్తాడు?

అన్నిటికన్నా ప్రమాదకరమైనది చివరిది: “ప్లెయింటు తిరస్కరిస్తే మళ్ళీ వేసుకోవచ్చు.” 7వ ఆర్డరు 13వ రూలు ప్రకారం వేసుకోవచ్చు, కాదనను. అయితే 1963 నాటి లిమిటేషన్ చట్టం రాతపూర్వకమైన పరువునష్టానికి ఇచ్చిన గడువు, ప్రచురణ నాటి నుంచి, ఒక్క సంవత్సరం. ప్లెయింటులో వ్యాజ్యకారణమే, అంటే దావా వేయడానికి తగిన ఆధారమే, లేదని అదే ఆర్డరు 11వ రూలు కింద ప్రతివాది వేసే పిటిషన్ తేలేసరికి ఆ సంవత్సరం ఎప్పుడో గడిచిపోయి ఉంటుంది. అప్పుడు న్యాయం మీ పక్షాన ఉన్నా దావాకు కాలదోషం పడుతుంది. పోస్టు నెట్‌లో ఉన్నంతకాలం గడువు రోజూ కొత్తగా మొదలవుతుందన్న వాదనను ఢిల్లీ హైకోర్టు 2013లో అంగీకరించలేదు.

ఆ సందేశంలో ఒక మాట మాత్రం సరైనదే. రాతలో చేసిన నిందకు డబ్బు నష్టం రుజువు చేయనక్కరలేదు. ప్లీడింగులను మరీ బిగించి చదవకూడదని సుప్రీంకోర్టు 1987లో చెప్పిన మాట కూడా వాస్తవమే. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి: పాత ప్లెయింటులో పేర్లు మార్చి దాఖలు చేసే అలవాటు మా వకీళ్ళలో ఉంది, ఇలాంటి సందేశాలు పుట్టింది దాన్ని చూసే. అందుకే వకీలు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పోస్టు పూర్తి పాఠం, తేదీ, చదివి మీకు చెప్పినవారి పేర్లు వెంట తీసుకువెళ్ళండి. దాఖలుకు ముందు ప్లెయింటు చదివించుకుని, ఆ వాక్యం అందులో ఉన్నదో లేదో మీ కళ్ళతో చూడండి.