మత్తు కాదు, షుగర్ డౌన్!

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర మధ్యాహ్నానికే నలుగురైదుగురు చెట్ల కింద వాలిపోయి కనిపిస్తారు. "ఎక్కువైంది, పడుకోనివ్వండి" అనేసి మిగతావాళ్లు పందెంలో పడతారు. రెండేళ్ల కిందట మా మావయ్యనీ అలాగే వదిలేశారు. మాట తడబడుతోంది, చేతులు వణుకుతున్నాయి. చొక్కా మాత్రం చెమటకు తడిసి ముద్దయింది. జనవరి గాలిలో ఈ చెమటేంటని అత్తయ్యకు అనుమానం వచ్చి ఇంట్లోంచి గ్లూకోమీటర్ తెప్పించింది. రీడింగ్ 46. 70 కంటే దిగితేనే షుగర్ పడిపోయినట్టు లెక్క.

ఆయన తాగింది ఒక్క క్వార్టరే. పొద్దున షుగర్ మాత్ర వేసుకున్నాడు, పందేల హడావుడిలో అన్నం తినలేదు. ఈ మూడూ కలవడంతోనే ముప్పు. మనం తినకపోయినా కాలేయం కొంచెం కొంచెంగా రక్తంలోకి గ్లూకోజ్ వదులుతూ కాపు కాస్తుంది. మద్యం లోపలికి వెళ్తే దాన్ని అరగదీసే పనిలో పడి, కొత్తగా గ్లూకోజ్ తయారుచేయడం తగ్గించేస్తుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రేమో తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను బయటికి నెడుతూనే ఉంటుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ చేసుకునేవాళ్లకూ ఇదే చిక్కు.

దీనికి మనవాళ్ల దగ్గర రెండు సొంత వైద్యాలున్నాయి. ఒకటి, "మాత్రకీ మద్యానికీ మధ్య రెండు గంటలు గ్యాప్ ఇస్తే చాలు." 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 42.8 శాతం ఆల్కహాల్ అంటే బరువులో దాదాపు 60 గ్రాములు. ఒళ్లు గంటకు ఖర్చు చేసేది ఏడు నుంచి పది గ్రాములు. రాత్రి పదింటికి దించింది తెల్లారి చెరువు గట్టు మీద మేత చల్లేటప్పుడూ రక్తంలో ఉండొచ్చు. రెండోది, "ఈ పూట మాత్ర మానేద్దాం." పొద్దున వేసుకున్న గ్లిమెపిరైడ్ రోజంతా పనిచేస్తుంది. రాత్రి మానేసేది ఏ బీపీ మాత్రో అయితే, అసలే బీపీ పెంచే మద్యానికి దారి ఇచ్చినట్టే.

మద్యం మోకాళ్ల నొప్పికి వాడే డైక్లోఫెనాక్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం, టీబీ మందులతో అయితే కాలేయానికి దెబ్బ. అల్ప్రాజోలం లాంటి నిద్రమాత్రలతో బేరమే లేదు, ఊపిరే మందగిస్తుంది.

డాక్టర్లు "తాగొద్దు" అంటారు. అది సరైన మాటే. కానీ అక్కడితో ఆపేస్తే పేషెంటు "ఆయ్, మానేశానండి" అని లేచి వచ్చేస్తాడు. రెండు వైపులా సంతోషమే! తాగితే ఏ మాత్రతో ఏమవుతుందో చెప్పాల్సిన ఆ రెండు నిమిషాలు మాత్రం పోతాయి. మందుల షాపులో కూడా "తాగుతారా?" అని ఎవరూ అడగరు.

ఆ రోజు మావయ్యకు ఇంకా తెలివి ఉంది కాబట్టి నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించగలిగాం. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. పావుగంటకు లేచి కూర్చుని ఆయన అడిగిన మొదటి మాట, "మన కోడి గెలిచిందా?"