సెల్ఫ్ తిరుగుతుంటే బ్యాటరీ మీద పడతారెందుకు?

చలి మొదలైతే చాలు, కార్ల గురించి ఒకే ఫిర్యాదు వినిపిస్తుంది: "పొద్దున సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు." జవాబు కూడా ఒకటే: "బ్యాటరీ మార్చెయ్యండి." దానితో పని జరగకపోతే ప్లగ్గులు (పెట్రోలును అంటించే నిప్పురవ్వ పుట్టించేవి), ఆ తర్వాత పెట్రోలు పంపు. కొత్త సామానంతా ఎక్కించుకుని కూడా కారు మర్నాడు పొద్దున అలాగే మొరాయిస్తుంది. చీకట్లో రాళ్లు విసిరినట్టుండే ఈ వైద్యానికి నిపుణుల సలహా అని పేరు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బ్యాటరీకి చలి పడదు, నిజమే. మైనస్ 18 డిగ్రీల దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. ఇంజన్ ఆయిల్ కూడా చిక్కబడుతుంది కాబట్టి తిప్పడానికి మరింత బలం కావాలి. కానీ ఆ లోపం దాగేది కాదు, సెల్ఫ్ మూలుగుతూ ఈడ్చుకుంటూ తిరుగుతుంది. అనుమానముంటే వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టండి. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. సెల్ఫ్ తిప్పేటప్పుడు సుమారు 9.6 కంటే కిందికి జారకూడదు (గడ్డకట్టే చలిలో ఇంకాస్త తగ్గినా తప్పు పట్టనక్కర్లేదు). మరీ జారితే సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ కంప్యూటర్ తడబడవచ్చు. అప్పుడు బ్యాటరీని, దాని తీగల బిగింపును అనుమానించండి. జారకపోతే దాని జోలికి పోకండి.

అసలు దొంగ చాలాసార్లు వేరే చోట ఉంటాడు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, అందుకే కంప్యూటర్ మామూలు కంటే ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. ఇంజన్ చల్లగా ఉందని దానికి చెప్పేది కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత సెన్సర్. బయట గడ్డకడుతుంటే ఆ సెన్సర్ "80 డిగ్రీలు" అని చెప్పిందనుకోండి, కంప్యూటర్ వేడి ఇంజన్‌కు సరిపడే పెట్రోలే ఇస్తుంది. నిప్పురవ్వ ఉన్నా అంటుకునేంత ఆవిరి ఉండదు. 80 అనేది సాధ్యమైన అంకే కాబట్టి చాలాసార్లు హెచ్చరిక దీపం కూడా వెలగదు. మధ్యాహ్నం ఎండ తగిలాక అదే కారు ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది, యజమాని చెప్పింది ఎవరూ నమ్మరు. దీన్ని పట్టుకోవడానికి ఏ సామానూ కొనక్కర్లేదు. రాత్రంతా ఆగి ఉన్న కారుకు స్కానర్ (కారు కంప్యూటర్‌కు అందే అంకెలు చూపించే పరికరం) తగిలించి, స్టార్ట్ చేయకముందే చూడండి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత, బయటి ఉష్ణోగ్రత దాదాపు ఒకటిగా ఉండాలి. సెన్సర్ తీగ తెగితే చాలా కార్లలో మైనస్ 40 కనిపిస్తుంది. అప్పుడు పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోవచ్చు.

ప్లగ్గులు తడిశాయనిపిస్తే యాక్సిలరేటర్‌ను పూర్తిగా అదిమి సెల్ఫ్ కొట్టండి. చాలా పెట్రోలు ఇంజెక్షన్ కార్లలో అలా చేస్తే ఇంజెక్టర్లు ఆగిపోయి, గాలి మాత్రమే లోపలికి వెళ్తుంది. తాళం ఆన్ చేయగానే వెనకనుంచి రెండు సెకన్లపాటు పంపు గుయ్యిమనాలి. రెండు మూడుసార్లు ఆన్-ఆఫ్ చేశాక ఇంజన్ అందుకుంటే, రాత్రి పెట్రోలు ఒత్తిడి ఎక్కడో కారిపోతోందని అర్థం. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు సున్నా దగ్గరే పడుకుని ఉంటే, ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ వైపు చూడండి. డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమిణుకుమంటే, సరైన తాళం కాదనుకుంటే ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్‌ను అనుమానించండి. ఒక్కోసారి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, స్టార్టర్ మోటారు కాలిపోవచ్చు.

డీజిలు కథ వేరు. అక్కడ నిప్పురవ్వే ఉండదు, ఒత్తిడికి వేడెక్కిన గాలే డీజిలును మండించాలి. స్టార్టింగ్‌కు ముందు లోపలి గాలిని వేడెక్కించే హీటర్ ప్లగ్గులు పోతే చలిలో ఆ వేడి చాలదు. సెల్ఫ్ కొడుతుంటే సైలెన్సర్‌లోంచి తెల్ల పొగ వస్తోందా? డీజిలు లోపలికి వెళ్తోంది, మండడం లేదు, హీటర్ ప్లగ్గులు చూడండి. పొగ జాడే లేదా? డీజిలే అందడం లేదు. వేసవి డీజిలు తీవ్రమైన చలిలో మైనం కట్టి ఫిల్టర్‌ను మూసేస్తుంది. దీనికి "కాస్త ఈథర్ స్ప్రే (సులువుగా అంటుకునే ద్రవం) కొట్టండి" అనే మహానుభావులూ ఉన్నారు. ఎర్రగా కాలిన హీటర్ ప్లగ్ మీద ఈథర్ పడితే అది పేలుతుంది. పిస్టన్ పగిలితే స్ప్రే కొట్టమన్నవారు బిల్లు కట్టరు.

మెకానిక్కుల మీద కూడా నాకో ఫిర్యాదు ఉంది. కారు మధ్యాహ్నం షెడ్డుకు చేరుతుంది, వేడి ఇంజన్ తాళం తిప్పగానే అందుకుంటుంది, "అంతా బాగానే ఉంది" అని పంపేస్తారు. అలా ఒప్పుకోకండి. సాయంత్రమే కారును అప్పజెప్పి రాత్రంతా ఆరుబయట ఉంచమనండి. పొద్దున మొదటిసారి తాళం తిప్పేది మెకానిక్కే కావాలి, అదీ స్కానర్ తగిలించాకే.